బాపు తెచ్చిన పచ్చ పొలుసుల రాయి

మా బాపు రాయిని నాలుకతో చూసేవాడు. వింటే నవ్వొస్తుంది గానీ, రాళ్లు కొట్టేవాళ్లలో చాలామందికి ఉన్న అలవాటే ఇది. దుమ్ము పట్టిన బండ అసలు రంగేమిటో, పొర ఎటు పోతోందో పొడిగా ఉన్నప్పుడు తెలియదు. తడిపితే తెలుస్తుంది. నీళ్ల బిందె ఎక్కడో చెట్టు కింద ఉంటుంది, నాలుక నోట్లోనే ఉంటుంది. చిన్న ముక్కయితే నాకి చూసి, తుపుక్కున ఉమ్మేసి, పనికొస్తుందో లేదో చెప్పేస్తారు. నేను యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం ఎమ్మెస్సీలో చేరాక, మొదటిసారి గుట్టల మీదికి తీసుకెళ్లినప్పుడు మా ప్రొఫెసరు కూడా సరిగ్గా అదే పని చేశాడు. క్లాసులో అందరూ ముఖం చిట్లించారు. నేనొక్కదాన్నే నవ్వాను, పరాయి చోట మా ఇంటి మనిషి కనబడినట్టు.

అలాంటిదాన్ని, ఒక వేసవి సాయంత్రం బాపు తువ్వాల మూట విప్పి ఒక రాయిని నోటి దగ్గరికి తీసుకుపోతే గట్టిగా కేక పెట్టాను. ఆ కేకకు పక్కింటి బర్రె తలుగు తెంపుకుని ఉరికిందని అమ్మ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. బర్రె ఉరికింది నిజమే. నా కేకకేనా అన్నది మాత్రం నేను ఒప్పుకోను.

"ఏమైందే పోరీ, పామున్నదా?" అన్నాడు బాపు.

"నోట్లె పెట్టకు బాపూ! ముందు గది కింద పెట్టు!"

"ఇంకా పెట్టనే లేదు గదనే," అని దొంగలా చూసి, "పొద్దుగాల గుట్ట మీద ఒక్కపారి చూసిన గంతే," అన్నాడు.

రాయి పిడికిలంత ఉంది. తెల్లటి పలుగురాయి ముక్క, దాని పగుళ్ల నిండా పల్చటి పొలుసులు. నిమ్మపండు పసుపు, లేతాకు పచ్చ కలిసిన రంగు. అంత అందమైన రంగు మా గుట్టల్లో ఉంటుందని నాకు తెలియదు. ఆ రంగును నేను పుస్తకంలో మాత్రమే చూశాను. దాని కింద ఆటునైట్ అని, యురేనియం ఉన్న అరుదైన ఖనిజమని, ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలని రాసి ఉండేది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న అది. రెండు మార్కుల ప్రశ్న మా ఇంటి అరుగు మీదికి నడిచొస్తే ఎలా ఉంటుంది?

"గిది కాకి బంగారం కాదు బిడ్డా," అన్నాడు బాపు. కాకి బంగారమంటే అభ్రకం, మా వైపు బండల్లో ఎక్కడైనా మెరుస్తూ కనిపించేదే. "నలభై ఏండ్ల సంది బండ కొడుతున్న, గిసుంటిది చూడలే." ఎలా తెలుసని నేను అడగలేదు. నాకు తెలిసినదాని మీదే ఉంది నా ధ్యాసంతా.

బాపు పని గురించి కొంచెం చెప్పాలి. సిటీ మా వైపు నడిచొస్తున్న రోజులవి. బొంగులూరు దగ్గర పెద్ద రింగు రోడ్డుకు మట్టి పోస్తున్నారు. ఇబ్రహీంపట్నం నుంచి మహేశ్వరం దాకా ఎటు చూసినా రంగు జెండాలు, వెంచర్ల బోర్డులు. క్షవరం చేయించుకోవడానికి పోతే మంగలాయన ప్లాటు చూపిస్తానంటాడు, ఇడ్లీ బండి ఆమె కూడా రెండు ప్లాట్లు ఇప్పించిందని చెప్పుకునేవారు. అందరి చేతుల్లో పైసలు ఆడుతున్నాయి, అందరూ గట్టిగా మాట్లాడుతున్నారు. అంతకుముందు దాకా పశువుల కొట్టాలకు, పొలం గట్లకు కడీలు, అంటే నిలువు రాతి స్తంభాలు, కొట్టిన మా బాపుకు ఉన్నట్టుండి ఊపిరాడనంత పని వచ్చింది. ఎందుకంటే ప్రతి ప్లాటుకు నాలుగు హద్దురాళ్లు కావాలి. క్రషర్ మిషన్లు కంకర కొడతాయి గానీ, బండకు వరసగా చీలలు దిగ్గొట్టి నిలువునా గీత గీసినట్టు చీల్చడం మనిషి చెయ్యాల్సిందే.

బొంగులూరు దగ్గర ఒక వెంచర్‌కు హద్దురాళ్లన్నీ బాపే కొట్టాడు. రెండేళ్ల పని. కూలికి బదులు నూటయాభై గజాల ప్లాటు రాసివ్వమన్నాడు, వాళ్లు రాసిచ్చారు. ఆ ప్లాటుకు నాలుగు రాళ్లు బాపు తన చేత్తో పాతాడు, మిగతా వాటికంటే జానెడు ఎత్తుగా. ఆదివారం వస్తే పులిహోర కట్టుకుని బస్సెక్కి ఆ ఖాళీ జాగా చూడటానికి పోయేవాళ్లం. అమ్మ చెప్పులు విప్పి లోపలికి అడుగుపెట్టి, ఇక్కడ వంటిల్లు, ఇక్కడ తులసికోట అని కాలి బొటనవేలితో గీతలు గీసేది. మేం అప్పుడున్నది పెదనాన్న వాళ్లతో పంచుకున్న రెండు గదుల రేకుల ఇల్లు. ప్లాటు కాగితాలు ప్లాస్టిక్ కవర్లో, కవరు ఇనప్పెట్టెలో, పెట్టె తాళంచెవి అమ్మ నడుముకు. మాకున్న ఆస్తంతా అదే.

సరే, రాయి. మర్నాడు దాన్ని నేను ఇబ్రహీంపట్నం బజారుకు తీసుకుపోయాను. ఎరువుల దుకాణంలో దొంగనోట్లు పట్టుకునే నీలం దీపం ఉండేది. ఆటునైట్ అయితే ఆ దీపం కింద వెలగాలి. మూల చీకట్లో రాయి పెట్టి స్విచ్చి వేశారు. పొలుసులు పచ్చగా, లోపల ఎవరో దీపం ముట్టించినట్టు వెలిగాయి. నేను చేసిన తప్పు అప్పుడే చేశాను. నోరు మూసుకుని ఇంటికి రావాల్సింది పోయి, "యురేనియం!" అని అరిచాను. దుకాణంలో యూరియా కోసం వచ్చిన పదిమంది ఉన్నారు. నేను బస్సు దిగి ఇంటికి చేరేసరికి మా అరుగు మీద చెప్పులు విడవడానికి జాగా లేదు.

అందరికంటే ముందు కూర్చున్నది మామ. సొంత మామ కాడు, బాపు దోస్తు. ఇద్దరూ ఒకప్పుడు ఒకే బండ మీద సుత్తె వేసినవాళ్లు, ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. ఇప్పుడు మామ ప్లాట్ల బ్రోకరు. తెల్లచొక్కా, రెండు ఫోన్లు, జేబులో నాలుగు పెన్నులు. మంచి మనిషే. ఇతరులకు చెప్పే అబద్ధం తనే ముందు నమ్మేస్తాడు, అదొక్కటే చిక్కు.

"బావా, గిది పవరున్న రాయి. బియ్యం గుంజుతదేమో చూడాలె," అన్నాడు.

బియ్యం గుంజే చెంబు, బియ్యం గుంజే నాణెం కోట్ల ధర పలుకుతాయని ఆ రోజుల్లో ఎక్కడ చూసినా చెప్పుకునేవారు. చెంబు దొరికినవాణ్ణి ఎవరూ చూడలేదు, చూసినవాళ్ల బామ్మర్ది మాత్రం ప్రతి ఊళ్లో ఉండేవాడు. అమ్మ పళ్లెంలో నూకలు పోసి తెచ్చింది. మామ రాయిని పళ్లెం పక్కన పెట్టాడు. నూకలు కదల్లేదు. దుమ్ముంటే పవరు బయటికి రాదన్నాడు. పవరు చేతికి తగలకుండా రాయిని పాలిథిన్ కవర్లో చుట్టి, దండెం మీది గొంగడితో బరబరా తుడిచి మళ్లీ దగ్గరికి తెచ్చాడు. నడి ఎండాకాలం, గాలిలో చుక్క తేమ లేదు. నూకలు టపటపా ఎగిరి కవరుకు అంటుకున్నాయి.

అరుగంతా ఒక్కసారి "ఓ" అంది. ఎవరో ఈల కూడా వేశారు.

నాకు ఒళ్లు మండింది. లోపలికి పోయి ప్లాస్టిక్ దువ్వెన తెచ్చి, అదే గొంగడికి రుద్ది, నూకల మీద పెట్టాను. దానికీ అంటుకున్నాయి. "చూసినవా మామా? గొంగడికి రుద్దితే ఏదైనా గుంజుతది. రాయిల ఏం లేదు," అన్నాను.

మామ దువ్వెన వైపు భక్తిగా చూశాడు. "గుంజదా మరి! నిన్నటి సంది రాయున్న ఇంట్లనే ఉన్నది. దువ్వెనకు గూడ పవరెక్కింది," అన్నాడు.

జనమంతా దువ్వెన చూడటానికి ఎగబడ్డారు. "గంత పవరుంటే కరెంటు బిల్లన్న తగ్గుతదా?" అని అమ్మ ఒక్కతే సరైన ప్రశ్న అడిగింది. నేను రాయిని పాత పప్పు డబ్బాలో పెట్టి, డబ్బాను ఇంటి వెనక గోడ గూట్లో పెట్టి, ముట్టుకున్నవాళ్లందరి చేత సబ్బుతో చేతులు కడిగించాను. అది చూసి రాయి విలువ ఇంకా పెరిగింది.

నాలుగు రోజులకు మామ సిటీ నుంచి రాయి కొనే పార్టీని తెచ్చాడు. కారులో ఇద్దరు దిగారు. రాయికి ఆరడుగుల దూరంలోనే ఆగిపోయారు, ఒకడు జేబులోంచి ఎర్రలైటు వెలిగే డబ్బా ఒకటి తీసి ఊపాడు. విదేశీ కంపెనీ కొంటుందన్నారు, కోట్లలో మాటన్నారు. కానీ ముందు పరీక్ష చెయ్యాలి, పరీక్షకు ప్రత్యేకమైన బట్టలు తెప్పించాలి, దానికి డిపాజిట్ కట్టాలి. పైసలు లేకపోతే ఏదైనా ఆస్తి కాగితాలు వాళ్ల దగ్గర వారం రోజులు పెడితే చాలు. వచ్చే సోమవారం సిటీలో కలుద్దామన్నారు. బాపు తలూపాడు.

వాళ్ల కారు మలుపు తిరగకముందే నేను మొదలుపెట్టాను. వాళ్లు దొంగలన్నాను. ఈ ఖనిజాన్ని అమ్మడం, కొనడం రెండూ నేరమన్నాను, సర్కారుకు తప్ప ఎవరికీ ఇవ్వకూడదన్నాను. బాపు ఓపిగ్గా విన్నాడు.

"కోట్లు నాకెందుకు బిడ్డా," అన్నాడు. "గీ నలభై ఏండ్లల్ల ఒక్క రాయన్న నేను చెప్పినట్టు అయిందని పదిమంది అనాలె. గంతే."

అక్కడ ఆగి ఉంటే బాగుండేది. నాది ముక్కు మీద కోపం. "రాయి కొట్టుడు వేరు బాపూ, రాయి తెల్సుడు వేరు," అనేశాను.

బాపు లేచి, కాళ్లు కడుక్కుని, సుత్తె పిడి బిగించుకుంటూ కూర్చున్నాడు. బిగుతుగానే ఉన్న పిడిని అంతసేపు బిగించడం నేనెప్పుడూ చూడలేదు. అమ్మ వంటింట్లోంచి వచ్చి నా ఎదురుగా నిలబడింది. "నీ ఫీజులు ఎవలు కొట్టిన రాళ్లతోని కట్టినమే?" అని ఒక్క మాట అడిగి లోపలికి పోయింది. ఆ పూట అన్నం మట్టి తిన్నట్టుంది నాకు.

క్షమాపణ అడగడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. ఏదో ఒక పని చేసి చూపించడమే మాకు తెలుసు. నేనూ అదే దారి పట్టాను. ఇబ్రహీంపట్నంలో ఒక చిన్న దవాఖానలో ఎక్స్‌రేలు తీసే అక్క నాకు తెలుసు. ఆమెను బతిమాలి వెలుతురు సోకని నల్ల కవర్లో ఒక ఫిల్మ్ పెట్టించుకుని వచ్చాను. కవరు మీద ఒక పిన్నీసు, పిన్నీసు మీద రాయి పెట్టి అదే గూట్లో మూడు రోజులు కదల్చకుండా ఉంచాను. నిజంగా యురేనియం ఉంటే దాని కిరణాలు నల్ల కాగితం దాటి ఫిల్మ్ మీద పడతాయి, పిన్నీసు అడ్డం ఉన్నచోట పడవు. శనివారం అక్క దాన్ని కడిగి చేతికిచ్చింది. కిటికీకి పట్టి చూస్తే పొలుసులున్న మేర నల్లటి మచ్చ, మధ్యలో తెల్లగా పిన్నీసు నీడ. నేను దవాఖానలోనే గంతులేశాను. ఎక్స్‌రే కోసం కూర్చున్న ముసలాయన నాకు ఏ రోగమూ లేదని తేలిందనుకుని, చల్లగా ఉండు బిడ్డా అని దీవించాడు.

ఫిల్మ్ తెచ్చి బాపుకు చూపించాను. ఇది అసలు పరీక్ష, బియ్యం పరీక్ష కాదు అని చెబుదామని నా ఉద్దేశం. బాపు దాన్ని ఎండకు పట్టి చాలాసేపు చూశాడు. ముఖం వెలిగిపోయింది.

"దాని ఫోటో అదే దింపుకున్నదా?"

"అవ్ బాపూ."

"చీకట్ల?"

"చీకట్లనే."

"అరె! మరి గింత పవరున్నప్పుడు పార్టీ చెప్పింది నిజమే గద!"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల. నా తెలివితో నేనే ఆ దొంగలకు సాక్ష్యం పలికాను. కాసేపటికి బుద్ధి తిన్నగా పనిచేసింది. "సరే బాపూ, రాయి గొప్పదే అనుకో. గా ఎర్రలైటు డబ్బాను నమ్ముతవా, సర్కారు మిషన్‌ను నమ్ముతవా? సిటీల అణు ఖనిజాలు చూసే సర్కారు ఆఫీసున్నది. సోమవారం పొద్దుగాల ఆడికి పోదాం. తర్వాత నీ ఇష్టం."

బాపు ఆలోచించాడు. "పెద్ద మిషన్ తోని చూపిస్తే మంచిదే," అన్నాడు. సోమవారం బయలుదేరేటప్పుడు అమ్మ నడుము నుంచి తాళంచెవి అడిగి తీసుకున్నాడు. కాగితాల కవరును చంకలో ఇరికించుకున్నాడు, ఆఫీసు నుంచి నేరుగా పార్టీ దగ్గరికి పోవాలని. అమ్మ నా వైపు చూసింది. నేను పప్పు డబ్బా పట్టుకున్నాను.

బస్సులో డబ్బాను కాళ్లకు దూరంగా సీటు కింద పెట్టి, నేను దానికి కాపలా, బాపు కాగితాలకు కాపలా. దారిపొడుగునా బాపు తను కొట్టిన రాళ్లు చూపిస్తూనే ఉన్నాడు. ఆ వెంచర్‌వి నావే, ఆ గోడ కింది పునాది నాదే, గా మూలరాయి చూడు ఎంత సాపుగ చీలిందో అంటూ. దొంగల దగ్గరికి పోతున్న మనిషి అంత సంతోషంగా ఉంటే కోప్పడటం కూడా కష్టమే.

ఆఫీసులో ఒక మేడం మమ్మల్ని కూర్చోబెట్టింది. యాభై ఏళ్లుంటాయి, మా ప్రాంతం మనిషి కాదు. "కూర్చోండి, మంచినీళ్లు తాగుతారా?" అని బాపును అడిగింది. అంత పెద్ద ఆఫీసులో తనను అండీ అన్నందుకు బాపు కుర్చీ అంచున, లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చున్నాడు. నాకో కాగితం ఇచ్చి నింపమంది. ఏ ఖనిజం, ఎప్పుడు దొరికింది, మొదట గుర్తించినవారు ఎవరు. ఆ గడిలో నేను నా పేరు రాసుకున్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఎమ్మెస్సీ అని పక్కన కూడా రాశాను.

పప్పు డబ్బా చూసి మేడం నాకు గట్టిగా చీవాట్లు పెట్టింది. చదువుకున్నదానివి, మాకు ఫోన్ చేస్తే మేమే వచ్చేవాళ్లం కదా, బస్సులో ఎవరైనా తెస్తారా అంది. బాపు రాయి నాకిన సంగతి విని తల పట్టుకుని, ఒక్కసారికి భయం లేదు గానీ ఇంకెప్పుడూ వద్దు, దీని దుమ్ము లోపలికి పోకూడదు అని చెప్పింది. తర్వాత చేతిలో పట్టే మిషన్ ఒకటి తెచ్చి రాయి దగ్గర పెట్టింది. పోపులో ఆవాలు చిటపటలాడినట్టు టకటకటక మోగింది. దూరం జరిపితే నెమ్మదించింది. బాపు కుర్చీ అంచు మరిచిపోయి ముందుకు వంగాడు. "ఇంకొక్కపారి మేడం," అన్నాడు. ఆమె మళ్లీ పెట్టింది. ఇద్దరూ పిల్లల్లా నవ్వారు.

"ఆటునైటే," అంది మేడం. "మంచి ముక్క. ఇంత చక్కటి పొలుసులు నేనూ ఎక్కువ చూడలేదు."

"మరి దీని ధర ఎంతుంటది మేడం?" అన్నాడు బాపు.

ఆమె మిషన్ పక్కన పెట్టి బాపు వైపు తిరిగి, నెమ్మదిగా చెప్పింది. "ధర లేదండీ. దీన్ని ఎవరూ అమ్మకూడదు, ఎవరూ కొనకూడదు. కొంటామని ఎవరైనా వస్తే వాళ్లు మోసగాళ్లే. పైగా ఉన్నది చారెడు. ఆరిపోయే కొద్దీ ఈ పొలుసులు పొడిగా రాలిపోతాయి."

బాపు ముఖం వాడిపోయింది. గెలిచింది నేనే, కానీ ఆ ముఖం చూశాక గెలుపు నాకు చేదుగా అనిపించింది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయిందని ఊళ్లో నవ్వే నవ్వులు ఆయన చెవిలో అప్పుడే వినబడుతున్నాయని నాకు తెలుసు. చంకలో కవరు ఇంకా బిగించి పట్టుకున్నాడు.

"కానీ ఇది మీ వైపు ఉన్నట్టు మా మ్యాపులో లేదు," అంది మేడం, ఒక పెద్ద కాగితం పరుస్తూ. "మాకు కావలసింది అది. ఏ బండలో దొరికింది, ఎంత లోతులో, పొర ఎటు పోతోంది?"

అడిగింది నన్ను. నేను గుట్ట పేరు చెప్పాను. గ్రానైట్ మధ్యలో పలుగురాయి చార ఉండొచ్చన్నాను. ఎటు పోతోందని మళ్లీ అడిగింది. తూర్పుకేమో అన్నాను. ఏమో అన్న మాట దగ్గర మేడం పెన్ను ఆగిపోయింది. నేను ఆ గుట్ట ఎక్కి పదేళ్లయింది.

"తూర్పుకు గాదు మేడం," అన్నాడు బాపు చిన్నగా. "తూర్పుకు పొయ్యేది పైన ఉన్న చార. గది ఉత్త పలుగురాయి. గీ పచ్చది దాని కింద ఇంకో చార ఉన్నది, గందుల ఉన్నది."

"కింద ఇంకోటి ఉందా? ఎలా వంగి ఉంది?"

బాపు చెయ్యి ఎత్తబోయాడు. చంకలో కవరు జారింది. రెండు చేతులూ కావాలి ఆయనకు, ఒకటి బండకు, ఒకటి చారకు. కవరును తీసి నా ఒళ్లో పడేశాడు. "జర గిది పట్టు," అన్నాడు, నా వైపు చూడకుండా. ఎడమచెయ్యి వాలుగా పట్టి, కుడిచేత్తో దాని కింది నుంచి ఇంకో వాలు చూపించాడు. చీల ఎక్కడ దిగ్గొడితే బండ ఎటు పగిలిందో, ఎన్ని మూరల కింద పసుపు మొదలైందో, వానాకాలం నీరు ఏ సందులోంచి ఊరి ఎక్కడ ఆగుతుందో చెప్పుకుపోయాడు. నీరు ఊరేచోటే పొలుసులు మందంగా ఉన్నాయని అన్నప్పుడు మేడం తన కుర్చీలోంచి లేచొచ్చి బాపు పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మొదట చూసినప్పుడు అభ్రకం అనుకోలేదా మీరు?"

"కాకి బంగారం గోరుతోని లేపితే రేకు లెక్క లేస్తది మేడం, వంచితే వంగుతది. గిది వంచితే ఇర్గింది. మరి కాకి బంగారం ఎట్లయితది?"

మేడం నా వైపు చూసింది. పాఠ్యపుస్తకంలో ఆటునైట్‌కూ అభ్రకానికీ తేడా చెప్పే మొదటి వాక్యం అదే. నేను దాన్ని బట్టీ పట్టి రెండు మార్కులు తెచ్చుకున్నాను. బాపు గుట్ట మీద ఒక్కడే నిలబడి తెలుసుకున్నాడు. ఇన్ని రోజుల్లో నేను ఒక్కసారి కూడా ఆయన్ను అడగలేదు.

గంట గడిచింది. మేడం రెండు కాగితాల నిండా బొమ్మలు గీసుకుంది. ప్రతి గీతకూ "ఇలాగేనా?" అని అడిగింది, బాపు రెండుసార్లు దిద్దాడు. వచ్చే వారం మేం గుట్టకు వస్తాం, మీరు దగ్గరుండి చూపించాలి అంది. ఆఖరున నేను నింపిన కాగితం తీసి చూసింది.

"మొదట గుర్తించినవారు అన్నచోట నీ పేరుంది. నువ్వేనా?"

నేను నోరు తెరవకముందే బాపు అందుకున్నాడు. "అవ్ మేడం, మా బిడ్డనే. పెద్ద చదువు చదివింది. గీ రాయి పేరు గూడ మాకు ఆమెనే చెప్పింది." ఆ మాటల్లో ఎత్తిపొడుపు లేదు. నిజంగా గర్వపడుతూ అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మేడం చేతిలోంచి కాగితం తీసుకుని నా పేరు, పక్కన రాసుకున్న ఎమ్మెస్సీ రెండూ కొట్టేశాను. మా బాపు పేరు, తాత పేరు, ఊరు పేరు రాశాను. నా చేతిరాత ఎప్పుడూ అంత వంకరగా లేదు.

రాయి అక్కడే ఉండిపోయింది. రసీదు బాపు చేతికిచ్చారు. మెట్లు దిగుతూ తన పేరున్న చోటు వేలితో చూపించమన్నాడు. ముద్దర ఎక్కడుందో అడిగాడు. మళ్లీ పేరు ఎక్కడుందో అడిగాడు.

బస్టాపులో ఉండగా బాపు ఫోన్ మోగింది. మామ. పార్టీవాళ్లు హోటల్లో కూర్చున్నారట, చాయ్‌ల మీద చాయ్‌లు తాగుతున్నారట. మామ గొంతు నాకూ వినబడుతోంది.

"రాయి లేదు బావా, సర్కారుకు ఇచ్చిన," అన్నాడు బాపు.

"నీకేమన్న పిచ్చా! ఎంతిచ్చిండ్రు?"

"ఏమియ్యలే. గంట సేపు నన్ను అడిగి రాసుకున్నరు బావా. మేడం నా పక్కన కూసొని రాసుకున్నది."

తర్వాత మామ బతిమాలే గొంతుతో, పార్టీ పెద్దదని, రాయి పోతే పోయింది, అదే గుట్టలో ఇంకోటి దొరుకుతుందని, ముందు కాగితాలైనా తెచ్చిపెట్టమని అన్నాడు. బాపు చంక తడుముకున్నాడు. ఖాళీగా ఉంది. నా వైపు చూశాడు. కవరు నా గుండెకు ఆనించి రెండు చేతులతో పట్టుకుని ఉన్నాను, పట్టుకున్నట్టు నాకే తెలియదు. ఒక్క చెయ్యి చాపితే ఇచ్చేదాన్నే. ఆయన ఆస్తి అది, ఆయన చెమట.

బాపు చెయ్యి చాపలేదు. "కాగితాలు నా బిడ్డ దగ్గరున్నయ్ బావా. ఆమెనే అడుగు," అని ఫోన్ నా చెవికి పెట్టాడు.

వారం రోజులుగా మామను తిట్టడానికి మాటలు కూడబెట్టుకున్నాను. అవన్నీ ఎటు పోయాయో తెలియదు.

"ఇయ్యను మామా," అన్నాను.

బాపు పకపకా నవ్వాడు. బస్టాపులో ఉన్నవాళ్లంతా మా వైపు తిరిగి చూశారు.